గట్టు వరుస పచ్చగా ఎందుకుంది: నల్లగొండ బత్తాయి తోటలో వేర్లు తవ్వి చూసిన కేసు

నల్లగొండ జిల్లాలో నాలుగెకరాల బత్తాయి తోట. సాత్గుడి రకం, రంగపూర్ నిమ్మ వేరు మూలం మీద కట్టిన అంట్లు, 20 అడుగుల ఎడం, ఏడేళ్ల వయసు. చెట్లు 430 దాకా ఉంటాయి. నేను మొదటిసారి ఆ తోటలో కాలు పెట్టింది ఫిబ్రవరి నెలాఖరులో, కొత్త చిగురు ఆకు విప్పుకునే రోజుల్లో. చిగురంతా నిమ్మపండు రంగులో ఉంది. ఈనెలు మాత్రం సన్నటి పచ్చ గీతల్లా మిగిలాయి. కింది కొమ్మల్లో పాత ఆకులు ముదురు పచ్చగానే ఉన్నాయి.

మన రైతులు దీన్ని పల్లాకు అంటారు. ఆ ఒక్క మాట కింద మూడు నాలుగు జబ్బులు దాక్కుంటాయి కాబట్టి ముందు వాటిని విడదీసుకోవాలి. నత్రజని లోపమైతే పసుపు పాత ఆకుల్లో మొదలవుతుంది, ఎందుకంటే పాతాకులోని నత్రజనిని చెట్టు చిగురుకు తరలించుకోగలదు. జింకు లోపమైతే ఆకు చిన్నదై, సన్నబడి, ఈనెల మధ్య మచ్చలు మచ్చలుగా పసుపు పడుతుంది. గ్రీనింగ్ తెగులైతే ఆకులో ఈ సగం ఒకలా, ఆ సగం ఒకలా ఉంటుంది. ఇక్కడ ఆకు సైజు బాగుంది, రెండు సగాలూ ఒకేలా ఉన్నాయి, పసుపు చిగురులోనే ఉంది. అంటే ఇనుము లోపం. ఇనుము ఒకసారి ఒక ఆకులో కుదురుకున్నాక మళ్లీ కదలడం చాలా తక్కువ. అందుకే పాతాకు పచ్చగా ఉండగానే కొత్తాకు ఆకలితో పుడుతుంది.

"ఎయ్యని మందు లేదు సార్" అన్నాడు రైతు. "డీఏపీ ఏసిన. పదమూడు సున్నా నలబై ఐదు డ్రిప్పుల ఇడిసిన. ఐరన్ గూడ ఇడిసిన. పసుపు పోతలేదు."

ఆ రోజు నేను చేసింది చెబుతాను, ఎందుకంటే ఈ కేసులో మొదటి తప్పు నాదే. ఆకులు చూశాను, జబ్బు పేరు చెప్పాను, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పది రోజులకోసారి మూడుసార్లు కొట్టమని రాసిచ్చి వచ్చేశాను. నిర్ధారణ తప్పు కాదు, మందూ తప్పు కాదు. మూడు వారాలకు రైతు ఫోన్లో ఫొటో పంపాడు. పసుపు ఆకు మీద పచ్చటి చుక్కలు. పిచికారీ బొట్టు ఎక్కడ పడిందో అక్కడ మాత్రమే ఆకు పచ్చబడింది. బొట్టుకూ బొట్టుకూ మధ్య పసుపు అలాగే ఉంది. జూన్‌లో వచ్చిన తరువాతి చిగురు మళ్లీ మొత్తం పసుపు.

ఆకు పరీక్ష రిపోర్టు అప్పటికే వచ్చింది. అందులో ఇనుము "సరిపడా" అని ఉంది. సున్నపు నేలల్లో ఇది తరచూ కనిపించే చిక్కే. ఆకులో మొత్తం ఇనుము లెక్కకు సరిపోయినా అది ఆకుకు పనికొచ్చే రూపంలో, పనికొచ్చే చోట ఉండకపోవచ్చు. రిపోర్టు చూసి రైతు నా ముఖం చూశాడు. అప్పుడు నాకు ఆకు వదిలి కిందికి చూడాలనిపించింది.

గట్టు మీది వరుస

జూన్‌లో తూర్పు వైపు నుంచి తోటలోకి వెళ్లాను. మొదటిసారి పడమటి బాట నుంచి వచ్చి మధ్యలో నిలబడి వెనక్కి తిరిగాను కాబట్టి ఆ చివర చూడనే లేదు. తూర్పు గట్టు వెంట ఒక వరుస, 21 చెట్లు. వాటిలో రెండు మూడు మినహా అన్నింటి చిగురూ పచ్చగా ఉంది. పక్క వరుసకు అడుగు వేస్తే పసుపు. ఇరవై అడుగుల దూరంలో ఇంత తేడా.

ఆ గట్టు మీద రైతు తల్లి కొడవలితో గడ్డి కోస్తోంది.

"ఈ చెట్లకు ఏం వేస్తున్నారమ్మా?" అని అడిగాను.

"ఏం ఎయ్యం బిడ్డా. ట్రాక్టరు ఈడికి మర్లదు. డ్రిప్పు నీళ్లు గీ కొసకు రావు. వారానికోపారి పైపు గుంజి పాదు నింపుత. బర్రెకు గడ్డి గోసుకుంట. కొట్టం ఊడ్చిన పెంట ఈడ్నే పోస్త."

నా డైరీలో ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. ఆ మాటల్లో నాకు కావలసిన సమాచారం దాదాపు అంతా ఉంది. ట్రాక్టరు తిరగదు, అంటే మట్టిని తిప్పి కొట్టే రోటవేటర్ పడదు. డ్రిప్పు అందదు, అంటే నేల రోజూ తడిగా ఉండదు. గడ్డి ఉంటుంది, కానీ కోత పడుతుంది. పెంట పడుతుంది. మిగతా తోటలో గడ్డిపోచ లేకుండా ఏడాదికి మూడుసార్లు రోటవేటర్ వేస్తారు. మొదట్నుంచీ మొదలు పక్కనే రెండు డ్రిప్పర్లు. రోజుకు రెండు గంటల నీళ్లు.

అయితే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. గట్టు దగ్గర నేలే వేరేమో? నా సంచీలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా ఎప్పుడూ ఉంటుంది. గట్టు మట్టి మీద రెండు చుక్కలు వేస్తే సోడా పొంగినట్టు పొంగింది. తోట మధ్య మట్టి కూడా అంతే. రైతు పక్క నిమ్మచెట్టు నుంచి కాయ తెంపి తనూ పిండి చూశాడు. సన్నగా బుసబుసలాడింది. నేల రెండు చోట్లా సున్నపు నేలే. ప్రయోగశాలలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, ఏడు దాటితే క్షారం) మధ్యలో 8.4, గట్టు దగ్గర 8.2 వచ్చింది. సున్నం రెండు చోట్లా 6 శాతం చుట్టుపక్కల. బోరు నీరు ఒక్కటే. అంట్లు ఒకే నర్సరీవి, ఒకే రోజు నాటినవి. మిగిలిన తేడా వేర్ల దగ్గరే ఉండాలి.

కందకం

జూలైలో రెండు వానలు పడ్డాక ఇద్దరు కూలీలను పెట్టి రెండు చెట్ల పక్కన కందకాలు తీయించాను. ఒకటి గట్టు చెట్టు, ఒకటి తోట మధ్య చెట్టు. మొదలు నుంచి బయటికి ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతు. తవ్విన గోడను స్ప్రేయర్ నీటితో మెల్లగా కడిగితే మట్టి జారి వేర్లు బయటికి తేలతాయి. అడుగు చదరంగా వంచిన ఇనుప తీగ చట్రాన్ని గోడకు ఆనించి, అందులో కనిపించిన పీచు వేర్ల కొనలను లెక్కపెట్టాం. ఈ పద్ధతికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి.

మధ్య చెట్టుకు మొదలు నుంచి రెండడుగుల లోపు పై అడుగులో 48 కొనలు. ఐదడుగుల దూరంలో అదే లోతున 7. వేరు వ్యవస్థ అంతా డ్రిప్పర్ల కింద ఒక గంప బోర్లించినట్టు ముద్దగా ఉంది. ఆ గంప దాటి వెళ్లిన నాలుగైదు లావు వేర్లు ఆరంగుళాల లోతులో తెగి, తెగిన చోట మొద్దుబారి ఉన్నాయి. కొన్ని కొత్తగా చీలి పిలకలు వేసి మళ్లీ తెగాయి. ఒక వేరు మీద అలాంటి ముడులు మూడు కనిపించాయి. రోటవేటర్ ఎన్నిసార్లు పడిందో ఆ వేరు రాసిపెట్టుకున్నట్టుంది. డ్రిప్పర్ కిందనే ఉన్న పీచు వేర్లలో కొన్నింటిని వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు గొట్టంలా ఊడి చేతికొచ్చింది, లోపల దారంలాంటి నడిమి పోగు మిగిలింది. అది వేరుకుళ్లు గుర్తు. నులిపురుగు అనుమానమూ తీర్చుకున్నాను. నిమ్మజాతి నులిపురుగు ఉంటే వేరును ఎంత కడిగినా మట్టి వదలదు, మురికి పట్టినట్టే ఉంటుంది. ఇక్కడి వేర్లు కడగ్గానే శుభ్రపడ్డాయి.

గట్టు చెట్టు కందకం వేరే లోకం. ఐదడుగుల దూరంలోనే 39 కొనలు. గరిక వేర్ల మధ్యలోంచి బత్తాయి వేర్లు దూరి పెంట పోసిన చోటికి చేరి అక్కడ జడలు జడలుగా చీలాయి. ఎండిన పేడ పెళ్ల ఒకటి విరిస్తే లోపల తెల్లటి వేరు కొనలు, ఒక్కోటి అగ్గిపుల్ల మందం కూడా లేదు, పెళ్ల పొరల మధ్య అల్లుకుని ఉన్నాయి. అదే చెట్టు వేరు ఆ పెళ్లకు అర అడుగు ఇవతల, ఉత్త మట్టిలో, ఒక్క కొమ్మ కూడా వేయకుండా నేరుగా సాగింది. ఖాళీ జాగాలో ఖర్చు పెట్టలేదు, తిండి దొరికిన చోట ఆగి విస్తరించింది. 1975లో బార్లీ మొక్క మీద ఇంగ్లండులో చేసిన ప్రయోగంలో వేరులో ఒక ముక్కకు మాత్రమే నైట్రేట్ అందిస్తే ఆ ముక్క మాత్రమే గుబురుగా పక్కవేర్లు వేసింది. అదే పని ఏడేళ్ల చెట్టు నా కళ్ల ముందు చేసి చూపించింది.

రెండు చెట్ల వేర్ల ముక్కలు తెచ్చి ఇంకో పరీక్ష చేశాం. వేరు ముక్కను క్షారంలో ఉడికించి రంగు పోగొట్టి, వెనిగర్‌లో కలిపిన సిరాతో అద్ది సూక్ష్మదర్శిని కింద పెడితే వేరు లోపల కాపురముండే మైకోరైజా శిలీంధ్రం నీలంగా కనిపిస్తుంది. మందుల దుకాణాల్లో వ్యామ్ అని అమ్మేది ఇదే. గట్టు చెట్టు వేరు కణాల్లో చిట్టిచెట్ల ఆకారంలో చీలిన పోగులు, వాటి పక్కన కొవ్వు నింపిన గుండ్రటి సంచులు పుష్కలంగా ఉన్నాయి. మధ్య చెట్టు వేరులో పది ముక్కలు తిప్పి చూస్తే రెండింటిలో కనిపించాయి.

వేరు చేసే పని, దానికి మనం పెట్టిన అడ్డం

ఈ తోటది ఎర్ర చెల్క నేల. అది ఎర్రగా ఉండటానికి కారణమే ఇనుము. ఆ నేలలో ఇనుముకు కొదవ లేదు. కాకపోతే అది తుప్పు రూపంలో, ఫెర్రిక్ ఇనుముగా ఉంటుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీటిలో కరిగే ఫెర్రిక్ ఇనుము దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది. ఏడున్న చోట ఎనిమిదైతే చాలు, ఇనుము గనిలో నిలబడి చెట్టు పస్తులుంటుంది.

కానీ చెట్టు చేతులు ముడుచుకుని కూర్చోదు. ఇనుము అందనప్పుడు బత్తాయి వేరు కొన వెనకాల ఉండే లేత భాగం మూడు పనులు మొదలుపెడుతుంది. తన చుట్టూ ఆమ్లం వదిలి ఆ కాస్త మట్టి పీహెచ్ తగ్గిస్తుంది. పైపొర మీద ఉండే ఎంజైముతో ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మారుస్తుంది. మారిన ఇనుమును ఒక ప్రొటీన్ ద్వారా లోపలికి లాక్కుంటుంది. ఇవన్నీ జరిగేది ముదురు వేరులో కాదు, తెల్లటి కొనల దగ్గరే. ఏడాదికి మూడుసార్లు ఆ కొనలను తెగ్గొట్టి, ఆపైన సంచుల కొద్దీ ఇనుము పోస్తే తినడానికి నోరేది?

మిగిలిన కొనలకు కూడా మనం పని చేయనివ్వలేదు. బోరు నీటిలో బైకార్బొనేట్ ఎక్కువ. డ్రిప్పర్ల మూతుల చుట్టూ తెల్లటి సున్నపు పెచ్చు గోటితో గీకితే ఊడేంతగా పేరుకుంది. వేరు వదిలిన ఆమ్లాన్ని ఈ బైకార్బొనేట్ వదిలినంత సేపట్లోనే విరిచేస్తుంది. ఫ్లోరైడ్ అంటే దేశమంతా నల్లగొండ పేరే చెబుతుంది, నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే పడింది. బైకార్బొనేట్ నిండిన క్షార జలాల్లోనే రాతిలోని ఫ్లోరైడ్ సులువుగా కరుగుతుంది. రెండు తరాల ఎముకలను వంచిన నీటి గుణమే ఇక్కడ వేరు కొన దగ్గరా పని చేస్తోందని అర్థమైనప్పుడు నాకు మనసు బరువెక్కింది.

రోజూ తడపడం దీన్ని ఇంకా పెంచింది. గాలాడని తడి మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక అక్కడే కరిగి, సున్నంతో కలిసి మరింత బైకార్బొనేట్ అవుతుంది. గట్టు చెట్లకు అదే నీరు వారానికోసారి అందింది, మధ్యలో నేల ఆరి గాలి పోసుకుంది. అక్కడ వేరు తన పని తాను చేసుకోగలిగింది.

నత్రజని ఏ రూపంలో వేశామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నైట్రేట్ రూపంలో తీసుకుంటే వేరు దానికి బదులుగా క్షార గుణం బయటికి వదులుతుంది, అమ్మోనియం తీసుకుంటే ఆమ్లం వదులుతుంది. రైతు డ్రిప్పులో వదిలిన 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్, అందులో ఉన్న నత్రజని మొత్తం నైట్రేటే. కాయ ఊరడానికి పొటాష్ మంచిదని రైతు ఇచ్చాడు. ఆ పొటాష్‌తో పాటు వెళ్లిన నైట్రేట్ వేరు చుట్టూ పీహెచ్‌ను ఇంకాస్త పైకి నెట్టింది. ఆయన డ్రిప్పులో వదిలిన ఇనుము ఈడీటీఏ రకం, అంటే ఈడీటీఏ అనే పదార్థం పట్టుకుని ఉంచిన ఇనుము. పీహెచ్ ఏడు దాటిన సున్నపు నేలలో అది నిలవదు. కాల్షియం వచ్చి ఇనుమును తోసేసి దాని కుర్చీలో కూర్చుంటుంది. ఇలాంటి నేలలో నిలిచేది ఈడీడీహెచ్ఏ రకం. ఎర్రగా, వక్కాకు నమిలిన రంగులో కరుగుతుంది, ధర ఎక్కువ.

భాస్వరం సంగతి చెప్పి ముందుకు వెళతాను. అది నేలలో కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తినేశాక ఇక ఆ చోట పస్తే. చాలా మొక్కలు నూగు వేర్లతో ఆ లోటు పూడ్చుకుంటాయి. నిమ్మజాతికి పొలంలో నూగు వేర్లు తక్కువ, ఉన్నవి పొట్టివి. ఆ లోటు మైకోరైజా పూడుస్తుంది, దాని పోగులు వేరుకంటే ఎన్నో రెట్లు సన్నగా ఉండి వేరు చేరని సందుల్లోకి సెంటీమీటర్ల దూరం పోతాయి. భాస్వరంతో పాటు జింకునూ మోసుకొస్తాయి. అమెరికాలో నర్సరీ మడులను విషవాయువుతో శుద్ధి చేశాక నిమ్మజాతి నారు గిడసబారిపోతుంటే కారణం మొదట ఎవరికీ తెలియలేదు. శుద్ధిలో మైకోరైజా చచ్చిపోవడమే కారణమని 1972లో తేల్చారు. అయితే మట్టిలో భాస్వరం దండిగా ఉంటే చెట్టు ఈ శిలీంధ్రానికి పిండిపదార్థం పెట్టి పోషించడం తగ్గిస్తుంది. ఏడేళ్లు వరసగా భాస్వరం ఎక్కువుండే డీఏపీ పడిన ఈ తోట మట్టి పరీక్షలో భాస్వరం "ఎక్కువ" అని వచ్చింది. సూక్ష్మదర్శిని కింద ఖాళీగా కనిపించిన ఆ ఎనిమిది ముక్కల వెనక కథ ఇదే.

గడ్డి గురించి ఒక మాట. గడ్డి జాతులు ఇనుము తెచ్చుకునే దారి వేరు. అవి ఆమ్లం మీద ఆధారపడకుండా ఫైటోసిడరోఫోర్ అనే పదార్థాన్ని వదులుతాయి, అది ఫెర్రిక్ ఇనుమునే కౌగిలించి కరిగించి తెస్తుంది. గడ్డి వదిలిన ఈ పదార్థం పక్కనున్న నిమ్మజాతి మొక్కకు కూడా ఇనుము అందిస్తుందని 2006లో ఇటలీ శాస్త్రవేత్తలు రేడియోధార్మిక ఇనుముతో గుర్తుపట్టి చూపించారు. అన్ని గడ్డి జాతులకూ ఈ శక్తి సమానం కాదు, బార్లీ, గోధుమల్లో ఎక్కువ, జొన్న, వరిలో తక్కువ. గట్టు వరుస పచ్చదనాన్ని నేను గరిక ఖాతాలో ఒక్కదానిలోనే వేయను. కొనలు తెగకపోవడం, నేల ఆరడం, పెంట, గరిక, నాలుగూ కలిశాయి.

మేం చేసినది

"ఎకరానికి గంధకం ఎంత ఏస్తే సున్నం పోతది సార్?" అని రైతు అడిగాడు. లెక్క కట్టి చూపించాను. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో 6 శాతం సున్నమంటే 54 టన్నులు. దాన్ని విరచడానికి 17 టన్నుల గంధకం కావాలి. ఒక్క ఎకరానికి! ఆ నేలను మార్చలేం. కానీ కందకంలో చూశాం కదా, మంచి చోటు ఒక్కటి దొరికితే చెట్టే వేరును అక్కడికి పంపి గుబురుగా పెంచుకుంటుంది. నేలంతా మార్చనక్కర్లేదు, చెట్టుకు నాలుగు చోట్లు చాలు.

ఆగస్టులో దాదాపు ప్రతి చెట్టుకూ కొమ్మల అంచు కింద నాలుగు వైపులా నాలుగు గుంటలు తీశారు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. ఒక్కో గుంటలో 10 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 250 గ్రాముల గంధకం, 100 గ్రాముల అన్నభేది, 50 గ్రాముల జింక్ సల్ఫేట్, మిగతాది పైమట్టి. అన్నభేదిని ఎరువులో కలిపి తడిపి పది రోజులు కప్పి ఉంచాకే గుంటలో వేశారు. ఉత్తగా మట్టిలో పోస్తే ఒకటి రెండు రోజుల్లో తుప్పై కూర్చుంటుంది. ఈ గంధకం గుంట మట్టి మొత్తాన్ని కూడా మార్చేంత కాదు. ఒక్కో గంధకం పలుకు చుట్టూ బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చే కొద్దీ చిన్న చిన్న పుల్లటి చోట్లు ఏర్పడతాయి, అంతే. వేరు కొనకు అంత జాగా చాలు.

డ్రిప్పు లైన్లు మార్చడంలో తొందరపడలేదు. వేర్లన్నీ మొదలు దగ్గర ముద్దగా ఉన్నప్పుడు డ్రిప్పర్లను ఒక్కసారి ఐదడుగులు బయటికి జరిపితే చెట్టు ఎండిపోతుంది. రెండో లైను వేసి నాలుగు గుంటల మీదా నాలుగు డ్రిప్పర్లు పెట్టించాం, పాత రెండింటినీ రెండు నెలలు ఉంచి ఆ తర్వాత మూసేశాం. రోజూ రెండు గంటల తడి మాని, వాతావరణాన్ని బట్టి మూడు నాలుగు రోజులకోసారి ఎక్కువసేపు ఇవ్వడం మొదలైంది. 13-0-45, డీఏపీ ఆపేశాం. నత్రజని అమ్మోనియం సల్ఫేట్ రూపంలో, పొటాష్ సల్ఫేట్ రూపంలో. బాగా దెబ్బతిన్న 60 చెట్లకు ఈడీడీహెచ్ఏ ఇనుము ఒక్కసారి ఇచ్చాం. అన్నభేది పిచికారీ మానలేదు, ప్రతి చిగురుకూ రెండుసార్లు. వేరు కోలుకునే దాకా ఆకుకు గంజి పోయాలి కదా.

అన్నిటికంటే కష్టమైంది రోటవేటర్ మాన్పించడం. తోటలో గడ్డి కనిపిస్తే ఊళ్లో చిన్నతనమని రైతు బాధ. "బద్ధకం అనుకుంటరు సార్" అన్నాడు. నేను నచ్చజెప్పలేకపోయాను. మధ్య చెట్టు వేరు మీది మూడు ముడులనూ కోసి తెచ్చి ఇంట్లో కిటికీలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ట్రాక్టరు పిలవలేదు. గడ్డిని మోకాలెత్తు రాకముందే కోసి పాదులోనే పరుస్తున్నారు, బర్రెకు సరిపడా తల్లి తీసుకెళుతుంది.

ఏం మారింది, ఏం మారలేదు

డిసెంబరులో మూడు చెట్ల దగ్గర ఒక్కో గుంట జాగ్రత్తగా తెరిచాం. గంధకం పలుకులు ఇంకా పసుపుగా కనిపిస్తున్నాయి. వాటిని ఆనుకుని తెల్లటి కొనలు, ఒక కొన దగ్గర ఐదారు పిలకలు గుత్తిగా. ఐదు నెలల కిందట ఐదడుగుల దూరంలో ఏడు కొనలున్న చెట్టుకు ఆ గుంటలో లెక్కపెట్టడం వదిలేశాం, చెయ్యి పెడితే పీచు బుట్టలా తగిలింది. గుంట దాటి అర అడుగు ఇవతల మట్టిలో మాత్రం మునుపటి లాగే ఒకటి రెండు. చెట్టు తన బలగాన్ని ఎక్కడ దింపాలో అక్కడే దింపింది.

ఫిబ్రవరి చిగురు సగం పసుపు, సగం పచ్చ. నిజానికి ఆ నెలలో రైతు నమ్మకం సడలింది, నాదీ కొంచెం సడలింది. బత్తాయిలో కొమ్మ చిగురు, వేరు చిగురు వంతులవారీగా నడుస్తాయి. డిసెంబరులో చూసిన వేర్ల పని ఆకుల్లో కనిపించడానికి ఒక విడత ఆగాలని నేను ముందే చెప్పి ఉండాల్సింది. జూలై చిగురు వచ్చేసరికి మధ్య వరుసల్లో పది చెట్లకు ఏడింట చిగురు పచ్చగా, ఈనెలకూ ఆకుకూ రంగు తేడా లేకుండా వచ్చింది. రెండో ఏడాది అక్టోబరులో మళ్లీ వేరు ముక్కలకు సిరా అద్ది చూస్తే పదింట ఆరింటిలో మైకోరైజా పోగులు ఉన్నాయి. బయటి నుంచి వ్యామ్ కొని వేయలేదు. గట్టు చెట్ల పాదుల్లోంచి నాలుగు గంపల మట్టి తెచ్చి గుంటల్లో తలా పిడికెడు వేశాం. ఆ మట్టి తీసిన చెట్లకు వేరుకుళ్లు లేదని చూసుకున్నాకే ఆ పని చేయాలి.

కాపు గురించి ఒక్క పంటతో పెద్ద మాటలు చెప్పను. కాయ సైజు పెరిగిందని వ్యాపారి అన్నాడు, పూత రాలడం తగ్గిందని రైతు అన్నాడు. ఎరువుల ఖర్చు మాత్రం తగ్గింది. డీఏపీ, 13-0-45 బిల్లులు లేవు కాబట్టి అది లెక్కలో కనిపిస్తోంది.

వాయవ్య మూలలో 35 చెట్లు ఏం చేసినా కోలుకోలేదు. అక్కడ ఆలస్యంగా గుంట తీసినప్పుడు తెలిసింది, అడుగు లోతులోనే తెల్లటి సుద్ద పొర, గడ్డపార పడితే రాయిలా మోగింది. తోట మిగతా భాగంలో ఆ పొర రెండున్నర అడుగుల కింద ఉంది. ఆ మూల చెట్ల వేర్లు సుద్ద మీద బల్ల మీద పరిచిన చాపలా అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. వాటికి దిగే దారి లేదు, విస్తరించే మందం లేదు. వేరు ఎంత సర్దుకున్నా సర్దుకోవడానికి కొంత నేల ఉండాలి. నాటే ముందు ఎకరానికి నాలుగు చోట్ల మూడడుగుల గుంట తీసి ఆమ్లం చుక్క వేసి ఉంటే ఆ 35 అంట్లు అక్కడ పెట్టేవాళ్లు కాదు. కొత్త తోట వేసేవాళ్లకు ఇప్పుడు నేను అంట్లు ఎంచుకునే ముందే ఈ పని చేయిస్తున్నాను.

ఈ వేసవిలో ఆ మూల చెట్లు తీసేస్తున్నారు. అక్కడ రేగు పెట్టమని నేను అన్నాను. రైతు మామిడి అన్నాడు. చివరికి ఆయన తల్లి మాటే నెగ్గింది. ఆ జాగాలో బర్రెకు పశుగ్రాసం వేస్తున్నారు.